పాత స్విఫ్ట్‌కి ట్విన్ క్యామ్ ఎక్కించాలా? ఉన్న ఇంజిన్ బాగు చేయించుకోవాలా?

మా పిన్ని కొడుకుది 2006 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. రోజూ పొద్దున్నే ఒంగోలు నుంచి కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళొస్తాడు. ఈ వేసవిలో ఫోన్ చేసి, "అన్నా, ఏసీ వేస్తే బండి లాగడం లేదు. ఎస్ఎక్స్4 ఇంజిన్ ఎక్కిస్తే రాకెట్టంట, ట్విన్ క్యామంట. వేయించేద్దామా?" అన్నాడు. వాడికి నేనే ఎందుకు గుర్తొచ్చానంటే, ఆరేళ్ళ కిందట ఇదే మోజులో మారుతి ఎస్ఎక్స్4 సెడాన్ ఇంజిన్ ఒకటి కొని, ఎనిమిది నెలలు వరండాలో టార్పాలిన్ కప్పి ఉంచి, చివరికి నష్టానికి అమ్ముకున్నవాణ్ణి నేను. ఆ కథ చుట్టాలందరికీ నోటికొచ్చు.

వాడికి ఫోన్లో చెప్పింది సగమే. మిగతాది కూడా కలిపి రాస్తున్నాను. 2005-10 మధ్య వచ్చిన పెట్రోల్ స్విఫ్ట్, డిజైర్ ఉన్నవాళ్ళకి ఇది నేరుగా పనికొస్తుంది. పాత మారుతి ఎస్టీమ్ ఉన్నవాళ్ళకి మధ్యలో ఒక ముక్క ఉంది.

## పేరు తర్వాత, ముందు ఇవి చూడండి

ఉన్న ఇంజిన్‌కి జబ్బేమిటి? ఇంజిన్ మార్చాలనుకునేవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్న అడగనే అడగరు. కంప్రెషన్ పరీక్ష అరగంట పని. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్, ఇంజెక్టర్ కనెక్షన్లు ఊడదీసి, ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి నాలుగైదు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. నాలుగు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే మీ బాధ వేరే చోట ఉందన్నమాట: క్లచ్ ప్లేటు కావచ్చు, మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ కావచ్చు, ఫ్యూయల్ పంపు కావచ్చు.

మావాడి బండి నెల్లూరు తెప్పించి మా మెకానిక్ భాయ్ షెడ్డులో పెట్టించాను. ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లు 175, 180, 175 చూపించాయి. మూడోది మాత్రం 110. భాయ్ ఏమీ మాట్లాడకుండా టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ సెల్ఫ్ కొట్టమన్నాడు. ముల్లు 115 దగ్గర ఆగింది. రింగులు అరిగి ఉంటే ఆయిల్ ఆ సందు మూసి అంకె బాగా పెరిగేది. పెరగలేదు కాబట్టి గాలి పైనుంచి పోతోంది, అంటే వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి బుస్సున నీలం పొగ వచ్చి తర్వాత ఆగిపోతోందని వాడు ముందే చెప్పాడు. అది వాల్వు సీళ్ళ లక్షణం. "ఇంజిన్ బాగుండాదన్నా. హెడ్డు దించితే చాలు, బోరు జోలికి పోబళ్ళా" అన్నాడు భాయ్. హెడ్డంటే ఇంజిన్‌లో వాల్వులుండే పై భాగం, బోరంటే పిస్టన్ కదిలే సిలిండర్. మావాడి ముఖం చూడాలి, పరీక్ష పాసైనందుకు ఏడుపొచ్చినట్టు పెట్టాడు.

కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది తెచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. సీసీ కూడా ఉంటుంది. పాత ఇంజిన్ పోయి అదే రకం ఇంజిన్ వేస్తే ఆఫీసులో అడగడానికి ఒక దారి ఉంటుంది. సీసీయే మారిపోతే ఆ మాట అంత తేలిక కాదు. ఏ ఇంజిన్ అయినా డబ్బు కట్టకముందే ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళి, అనుమతి ఇస్తారో లేదో కనుక్కోండి. పని అయ్యాక అడిగితే ఆ జవాబు వల్ల ఉపయోగం లేదు. పైగా ఈ బళ్ళన్నీ 15 ఏళ్ళు దాటినవే. ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కి బండిని తీసుకెళ్ళి చూపించాల్సిందే. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సీసీ లోపు, 1000 నుంచి 1500, 1500 పైన అని మూడు తరగతులు. 1.6 ఇంజిన్ వేస్తే తరగతే మారుతుంది. చెప్పకుండా దాచి, రేపు యాక్సిడెంట్ అయి క్లెయిమ్‌కి వెళ్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

వేడి. రోహిణి కార్తెలో మన ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఇంజిన్ లెక్కలో మాత్రం చెప్పాలి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత 6 శాతం తక్కువ. గాలి తగ్గితే పవరూ ఆ మేరకు తగ్గుతుంది. అంటే మే నెలలో మీ 87 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే) ఇంజిన్ 82 దగ్గరే ఉంటుంది, దానిమీద ఏసీ కంప్రెసర్ బరువు. నెల్లూరు వీఆర్సీ సెంటర్లో సిగ్నల్ దగ్గర బండి నీరసపడితే అది ఇంజిన్ తప్పే అనుకోనక్కర్లేదు.

ఇంజిన్ చుట్టూ ఉన్న సరంజామా. వైరింగ్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్), తాళంలో చిప్పు, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, మౌంటింగులు, రేడియేటర్, ఏసీ పైపులు, సైలెన్సర్. ఇంజిన్ రేటు అడిగి లెక్క వేసుకునేవాళ్ళు బిల్లులో సగం కూడా చూడనట్టే. నా వరండా కథ ఇక్కడే మొదలైంది.

దారిలో ఆగితే? కావలి దాటాక హైవే మీద బండి ఆగితే, దగ్గర్లో ఉన్న మెకానిక్ బానెట్ ఎత్తి చూసి "ఇదేం ఇంజిన్ సార్?" అంటే మీ ప్రయాణం అక్కడికి అయిపోయినట్టే. నా మటుకు నాకు అన్నిటికంటే పెద్ద కొలమానం ఇదే.

## అంకెలు ఒకసారి పక్కపక్కన పెడితే

| ఇంజిన్ | ఏ బండిది | సీసీ | క్యామ్ | బోరు (సిలిండర్ వెడల్పు) × స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), మి.మీ. | పవర్ (పీఎస్) | టార్క్ (న్యూటన్ మీటర్లు) | టైమింగ్ (క్యామ్‌ని తిప్పేది) |
|---|---|---|---|---|---|---|---|
| జీ13 | 2005-10 స్విఫ్ట్ | 1298 | ఒకటి, 16 వాల్వులు | 74 × 75.5 | 87 | 113 | బెల్ట్ |
| కే12ఎం | 2010 తర్వాతి స్విఫ్ట్, రిట్జ్ | 1197 | రెండు, 16 వాల్వులు | 73 × 71.5 | 85 | సుమారు 113 | చైన్ |
| ఎం16ఏ | ఎస్ఎక్స్4 | 1586 | రెండు, 16 వాల్వులు | 78 × 83 | సుమారు 103 | 145 | చైన్ |
| జీ16బీ | పాత బాలెనో సెడాన్ | 1590 | ఒకటి, 16 వాల్వులు | 75 × 90 | 90కి పైన | సుమారు 130 | బెల్ట్ |
| జీ13బీ ట్విన్ క్యామ్ | విదేశీ స్విఫ్ట్ జీటీఐ | 1298 | రెండు, 16 వాల్వులు | 74 × 75.5 | సుమారు 100 | సుమారు 113 | బెల్ట్ |

టార్క్ గడి మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదవండి. సింగిల్ క్యామ్ జీ13, ట్విన్ క్యామ్ కే12, విదేశీ ట్విన్ క్యామ్ జీటీఐ, మూడూ 113 దగ్గరే ఉన్నాయి. ఊళ్ళో రెండో గేరులో బండి లాగేది టార్క్. దాన్ని పెంచింది సీసీ, క్యామ్ కాదు.

మరి ట్విన్ క్యామ్ అంటే ఏమిటి? హెడ్డులో గాలి లోపలికి తీసుకునే వాల్వులకి ఒక క్యామ్ షాఫ్ట్, పొగ బయటికి పంపే వాల్వులకి ఇంకొకటి. వాల్వుల మీద నేరుగా పనిచేస్తుంది కాబట్టి కదిలే బరువు తగ్గి, ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎం దాకా హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది. లాభం కనిపించేది 5 వేల ఆర్‌పీఎం దాటాకే. జీటీఐది మన జీ13 బోరూ స్ట్రోకే, అయినా 100 పీఎస్ వచ్చిందంటే ఆ పైన ఊపిరి ఆడడం వల్లే. ట్రంకు రోడ్డు మీద 5 వేలు ఎవరు దాటిస్తారు? ఇంకో సంగతి, స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న 1.3 ఇంజిన్ కూడా ట్విన్ క్యామే. దాన్ని ఆ పేరుతో మెచ్చుకున్నవాడు ఒక్కడు కూడా నాకు ఎదురుపడలేదు.

## ఉన్న జీ13నే బాగు చేయించడం

రోజువారీ బండికి నా ఓటు దీనికే. ఇందులోనూ రెండు స్థాయిలున్నాయి. కంప్రెషన్ పరీక్షలో వాల్వు దోషమని తేలితే హెడ్డు పని చాలు: వాల్వులు గ్రైండింగ్, సీళ్ళు మార్పు, హెడ్డు వంగిందేమో స్కేలు పెట్టి చూసి అవసరమైతే ఫేసింగ్, కొత్త గాస్కెట్. రింగులు అరిగితే ఇంజిన్ మొత్తం దించి బోరు కొలిచి, రీబోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు, కొత్త బేరింగులు వేయాలి.

కాగితాల టెన్షన్ లేదు. నంబరు మారదు, సీసీ మారదు. ఈ ఇంజిన్ ఎస్టీమ్, జిప్సీల కుటుంబంలోది కాబట్టి నలభై దాటిన మెకానిక్ ఎవరైనా కళ్ళు మూసుకుని విప్పగలడు. పొదిలిలో ఆగినా, నాయుడుపేటలో ఆగినా దిక్కు దొరుకుతుంది.

దీని బలహీనత లేత్ షాపు. మెకానిక్ ఎంత మంచివాడైనా, బోరు వేసేవాడి చేతిలో మిల్లీమీటరులో వందో వంతులు రెండు తేడా వస్తే మొత్తం పని పోతుంది. లారీల బోర్లు వేసే చోట చిన్న పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేముందు, పిస్టన్లు ముందే కొని వాటిని కొలిచి వాటికి సరిపోయేలా బోరు వేయమని అడగండి. "సైజు మాకు తెలుసులే" అన్నచోట ఇవ్వకండి. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు కూడా అదే చేత్తో మార్చేయాలి. ఇంజిన్ విప్పి ఉన్నప్పుడు వాటికి కూలి దాదాపు పడదు.

## కే12: అతి తక్కువ తలనొప్పి ఉన్న ట్విన్ క్యామ్

మనసు ట్విన్ క్యామ్ మీదే ఉంటే, అన్నిటికంటే శుభ్రంగా కూర్చునేది ఇది. కారణం తేలిక. 2010లో మారుతి ఇదే మొదటి తరం స్విఫ్ట్ బాడీలో జీ13 తీసేసి కే12 పెట్టి అమ్మింది. కాబట్టి మౌంటింగులు, పైపులు, రేడియేటర్, వైరింగ్ అన్నీ కంపెనీవే ఉన్నాయి, వెల్డింగ్ మిషన్ అవసరం రాకూడదు. స్క్రాప్‌కి వెళ్ళే స్విఫ్ట్, రిట్జ్, డిజైర్ బళ్ళు బోలెడు, ఇంజిన్ దొరకడం కష్టం కాదు. చైన్ కాబట్టి బెల్ట్ మార్చే పనిలేదు. అయితే ఆయిల్ మార్చకుండా తిప్పిన బండిది అయితే చైన్ సాగి పొద్దున స్టార్ట్‌లో గరగరమంటుంది, విని కొనండి.

కానీ అంకెలు మళ్ళీ చూడండి. 87 పోయి 85 వస్తుంది. ఇంత ఖర్చు పెట్టి రెండు పీఎస్ పోగొట్టుకున్నట్టు. లాభం ఉన్నది మైలేజీలో, నున్నగా తిరగడంలో. అదీ మీ జీ13 నిజంగా పనికిరాకుండా పోయినప్పుడే: బ్లాకు పగిలిందనుకోండి, క్రాంక్ పోయిందనుకోండి. సీసీ మారుతుంది కాబట్టి ఆర్టీవో మాట దీనికీ వర్తిస్తుంది.

మా స్నేహితుడొకడు ఇదే చేయించాడు. బండి ఇప్పుడు చక్కగా ఉంది, కానీ పదిహేను రోజుల పని రెండున్నర నెలలు పట్టింది. ఇంజిన్ ఎక్కించడం మూడు రోజుల్లో అయిపోయింది. మిగతా రోజులన్నీ తాళం కోసమే. మారుతి బళ్ళలో ఐక్యాట్స్ అనే దొంగతనం కట్టడి ఉంటుంది. తాళంలో చిప్పు, ఈసీఎం ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోతే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. ఇంజిన్‌తోపాటు దాని ఈసీఎం, దాని తాళం, ఇమ్మొబిలైజర్ యూనిట్ మూడూ ఒకే బండివి తెచ్చుకోవాలి. యాక్సిలరేటర్ కేబుల్‌దా, వైరుదా కూడా చూసుకోండి. వైరుదైతే పెడల్ కూడా ఆ బండిదే కావాలి.

## ఎస్ఎక్స్4 ఎం16: ఆశపడదగ్గదే, కానీ

ఈ ఆలోచన పిచ్చిదేమీ కాదు. విదేశాల్లో సుజుకీ ఇదే స్విఫ్ట్ బాడీలో ఇదే ఎం16ఏ ఇంజిన్ పెట్టి, 125 పీఎస్‌కి పెంచి, స్విఫ్ట్ స్పోర్ట్ అని అమ్మింది. 113 నుంచి 145 టార్క్ అంటే కాలికి తెలిసే తేడా. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు, గిద్దలూరు దాటి నల్లమలలో లారీ వెనక ఇరుక్కున్నప్పుడు, నలుగురు మనుషులు, ఏసీతో మూడో గేరులో లాక్కుపోతుంది. ఈ జాబితాలో ట్విన్ క్యామ్ అన్న పేరుకి తగ్గ ఇంజిన్ ఇదొక్కటే.

కానీ ఆ స్విఫ్ట్ స్పోర్ట్‌కి ఇంజిన్ ఒక్కటే మార్చలేదు. వెనక చక్రాలకి కూడా డిస్కు బ్రేకులు పెట్టారు, సస్పెన్షన్ గట్టిపరిచారు. మనవాళ్ళు ఇంజిన్ ఎక్కించి, వెనక పాత డ్రమ్ములతోనే హైవే మీద 140 కొడతారు. ఎస్ఎక్స్4 బండి స్విఫ్ట్ కంటే వెడల్పు కాబట్టి దాని యాక్సిళ్ళు నేరుగా సరిపోతాయనుకోవద్దు, కొలవకుండా కొనొద్దు. గేర్‌బాక్స్ ఇంజిన్‌తోపాటే రావాలి. రేడియేటర్, ఫ్యానూ పెద్ద ఇంజిన్‌వే ఉండాలి. ముందు బ్రేకులు కూడా ఆ బండివి దొరికితే వదలకండి.

ఇక నా సంగతి. చెన్నై వెళ్ళి, ఒక పాత సామాన్ల కొట్లో ఇంజిన్ బేరమాడాను. ఫోటోలో వైరింగ్ కిట్ మొత్తం కనబడింది. నెల్లూరులో దించాక చూస్తే, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ లోపలి సీట్లకీ మధ్య ఉండే రేకు) దగ్గర మొత్తం కట్టని గ్రైండర్‌తో ఒక్క వేటుకి కోసేసి ఉంది. అరవై డెబ్భై వైర్ల చివర్లు, మాడిన ప్లాస్టిక్ వాసన, ఏ రంగు ఎక్కడికో తెలియదు. ఈసీఎం ఉంది, దాని తాళం లేదు. ఫోన్ చేస్తే "మీరు ఇంజినే కదా సార్ అడిగింది" అన్నాడు. అతను అన్నదీ నిజమే, నేను అడిగింది ఇంజినే. మూడు చోట్ల ఎలక్ట్రీషియన్లని పట్టుకొచ్చాను. మూడోవాడు కట్ట వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వర్షాకాలం వచ్చింది, టార్పాలిన్ కొన్నాను.

ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెప్తాను. ఎం16 కావాలంటే ఇంజిన్ కొనకండి, నడుస్తున్న ఎస్ఎక్స్4 మొత్తం బండి కొనండి. 2007 నుంచి 2014 దాకా అమ్మారు, పెట్రోలువి సెకండ్ హ్యాండ్‌లో ఇంకా దొరుకుతున్నాయి. అప్పుడు వైరింగ్, తాళం, యాక్సిల్, బ్రేకు, చివరికి బోల్టులు కూడా మీ చేతిలో ఉంటాయి. కొన్నాక ఒక వారం నడిపి చూడండి. చాలామందికి ఆ వారంలోనే ఇంకో ఆలోచన వస్తుంది: స్విఫ్ట్ అమ్మేసి దీన్నే ఉంచుకుంటే పోలా? ఆర్‌సీ, ఇన్సూరెన్సు, బ్రేకులు, అన్నీ ఈ ఇంజిన్‌కి తగ్గట్టే ఉన్న బండి మీ గుమ్మంలోనే ఉంటుంది మరి.

## ఎస్టీమ్ వాళ్ళకి జీ16, కలలు కనేవాళ్ళకి జీటీఐ

ఎస్టీమ్‌లోకి పాత బాలెనో ఇంజిన్ ఎక్కించడం పాతకాలం నుంచి ఉన్న అలవాటు. రెండూ జీ కుటుంబమే, పనిచేసేవాడికి అన్నీ తెలిసిన ముఖాలే. క్యామ్ ఒక్కటే అయినా 90 మి.మీ. పొడవు స్ట్రోక్ వల్ల కింద ఆర్‌పీఎంలోనే లాగుతుంది, ఊళ్ళో తిరగడానికి కే12 కంటే సరదాగా ఉంటుంది. స్ట్రోక్ ఎక్కువంటే బ్లాకు ఎత్తూ ఎక్కువే, బానెట్ కింద జాగా కొలుచుకోండి. బాలెనో అంటే 2007కి ముందు సెడాన్. 2015లో వచ్చిన హ్యాచ్‌బ్యాక్‌కి, దీనికి పేరు తప్ప చుట్టరికం లేదు. దొరకడమే కష్టం. దొరికినవాటి వయసు 18 ఏళ్ళ పైమాటే, కొన్నాక ఎలాగూ విప్పి రింగులు, బేరింగులు వేయాలి. అప్పుడు రెండు ఖర్చులు.

జీటీఐ ట్విన్ క్యామ్ మన దేశంలో కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. ఎక్కడో ఎవరో తెచ్చారని చెప్తారు. డిస్ట్రిబ్యూటర్ క్యాపు దగ్గర్నుంచి గాస్కెట్ దాకా ప్రతి చిన్న వస్తువూ బయటి నుంచి రావాలి. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద మాత్రమే తిప్పే బండికైతే ఆలోచించవచ్చు. రోడ్డు బండికి వద్దు.

## ఇంతకీ మీరు ఎవరు?

రోజూ పనిమీద తిరిగేవాళ్ళు, గుంటలకీ పొలాలకీ వెళ్ళేవాళ్ళు: జీ13 బాగు చేయించండి, మిగిలిన డబ్బు బాడీ మీద పెట్టండి. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇంజిన్ కంటే ముందు పోయేది కింది ఇనుము. బండి లేపి, ఇంజిన్ మౌంటింగ్ పట్టుకున్న ఫ్రేము దగ్గర, ముందు చక్రాల వెనక, సుత్తితో తట్టి చూడండి. పొడి రాలితే ఏ ఇంజినూ వేయొద్దు. 145 టార్క్ ఆ తుప్పుని ఇంకా తొందరగా చింపుతుంది.

నాన్న కొన్న బండి అని ఉంచుకున్నవాళ్ళకి అసలు ఎంపికే లేదు, ఆ నంబరు ఉన్న ఇంజినే ఆ బండి.

ఘాట్ రోడ్లు, చెన్నై హైవే మీద ఎక్కువ తిరిగే కుర్రాళ్ళు: ఎస్ఎక్స్4 కొనుక్కోండి. సొంత చేత్తో పనిచేసే ఓపిక, రెండో బండి, తల దాచుకునే షెడ్డు, ఆర్టీవో నుంచి ముందే ఒక స్పష్టమైన మాట, ఈ నాలుగూ ఉన్నవాళ్ళకి మాత్రం ఎక్కించుకోండి అంటాను. నాలుగింట్లో ఒకటి తక్కువైనా టార్పాలిన్ కొనుక్కోవాల్సి వస్తుంది.

బ్లాకే పగిలిపోయినవాళ్ళు ముందు ఇంకో జీ13 వెతకండి. దొరక్కపోతేనే కే12.

## మార్పులు చేర్పులు: మన ఎండలో ఏవి పనికొస్తాయి

ఇంజిన్ ఏదైనా సరే, దానిమీద ఇంకా కొంచెం పిండుదామని అందరికీ ఉంటుంది. మొదట అందరూ కొనేది కోన్ ఎయిర్ ఫిల్టర్. దాన్ని బానెట్ లోపల బిగిస్తారు. అక్కడ గాలి బయట కంటే ఇంకా వేడి. శబ్దం పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది. కంపెనీ డబ్బాకి గాలి గ్రిల్లు దగ్గర్నుంచి వస్తుంది, దాన్ని కదపకండి. ఫిల్టర్ కాగితం మాత్రం సమయానికి మార్చండి, కంకర లారీల వెనక చీమకుర్తి రోడ్డులో తిరిగేవాళ్ళు ఇంకా ముందే.

హెడ్డు బాగా గీయించి కంప్రెషన్ పెంచితే పికప్ వస్తుందన్నది పాత చిట్కా. నిజమే, కానీ కంప్రెషన్ పెరిగే కొద్దీ ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ కావాలి. ఏప్రిల్‌లో ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ మొదలవుతుంది, ఈసీఎం స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, వచ్చిన పికప్ అక్కడే పోతుంది. పట్టించుకోకపోతే పిస్టన్ పోతుంది. వంగిన హెడ్డు సమం చేయడానికి ఎంత అవసరమో అంతే గీయించండి.

ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. లీటరుకి శక్తి ఆరేడు శాతం తక్కువ, మైలేజీ ఆ మేరకు పడుతుంది. అంతకంటే ముఖ్యం, 2005 నాటి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. ఇంజిన్ పని ఎలాగూ చేయిస్తున్నారు కాబట్టి పెట్రోల్ గొట్టాలు, ఇంజెక్టర్ రింగులు కొత్తవి వేయించండి. పెట్రోల్ వాసన కొట్టే బండితో మే నెలలో ప్రయోగాలు వద్దు.

థర్మోస్టాట్ గురించి ఒక్క మాట. "మన ఎండకి అదెందుకన్నా, తీసేద్దాం" అని మనవైపు చాలా షెడ్డుల్లో అంటారు. తీసేస్తే ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు. చల్లగా ఉందనుకుని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. బండి హీటెక్కుతుంటే కారణం రేడియేటర్లోనో ఫ్యాన్లోనో వెతకాలి. బోరు నీళ్ళు పోసి పోసి లోపల పాచి గట్టిన రేడియేటర్లు కనిగిరి, పామూరు వైపు బళ్ళలో ఎన్ని చూశానో. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయొద్దు.

ఎగ్జాస్ట్ హెడర్లు, క్యామ్ ప్రొఫైల్, ఈసీఎం రీమ్యాప్ లాంటివి ఎం16 మీద ఫలితం చూపిస్తాయి, ఎందుకంటే దాంట్లో సుజుకీయే 125 దాకా తీసి చూపించింది. జీ13 మీద ఆ డబ్బు పెట్టేకంటే నాలుగు మంచి టైర్లు, కొత్త బుష్‌లు, బ్రేకు ప్యాడ్లు వేసుకోండి.

## కొనేముందు అడగాల్సినవి

- బండిలో ఉండగానే స్టార్ట్ చేసి చూపిస్తారా? కింద దించేసిన ఇంజిన్ గురించి చెప్పే ప్రతిదీ కథే.
- చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్ట్ మనమే చేయాలి. ముందే వేడెక్కించి ఉంచితే ఇంకో రోజు వస్తామనండి.
- కంప్రెషన్ గేజి మీరే తీసుకెళ్ళండి.
- ఆయిల్ మూత తీసి లోపల వేలు పెట్టండి. నల్లటి జిగురు తగిలితే వెనక్కి రండి. కాఫీ రంగు నురగ కనిపిస్తే గాస్కెట్ ఎగిరిందేమో చూడాలి.
- ఇంజిన్ నంబరు బ్లాకు మీద ఉన్నదీ, ఆ బండి ఆర్‌సీలో ఉన్నదీ ఒకటేనా? గీకినట్టు కనబడితే ఎంత తక్కువకిచ్చినా వద్దు, దొంగ బండిది అయి ఉండొచ్చు.
- అమ్మినట్టు రసీదు, ఆ బండి కాగితాల కాపీ ఇస్తారా?
- ఈసీఎం, తాళం, వైరింగ్ కిట్, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు ఉన్నాయా అని విడివిడిగా, పేరుపేరునా అడగండి. "అన్నీ ఉన్నాయి" అన్న మాటని లెక్కలోకి తీసుకోవద్దు.

మావాడి బండికి హెడ్డు పని అయిపోయింది. వాల్వు అంచు ఒకచోట గోరంత కాలిపోయి ఉంది, దాన్ని భాయ్ గుడ్డలో చుట్టి వాడి చేతిలో పెట్టాడు. మూడో సిలిండర్ ఇప్పుడు 178. ఏసీ వేసుకుని గుంటల దగ్గరికి వెళ్ళొచ్చి ఫోన్ చేశాడు, "బాగానే లాగుతుందన్నా" అని. రెండు నిమిషాలు ఆగి, "గూడూరులో ఒక ఎస్ఎక్స్4 ఉందంట, ఒకే ఓనరంట" అన్నాడు. ఆదివారం వెళ్తున్నాం. గేజి నా బ్యాగులో పెట్టుకున్నాను.